బియ్యం తెచ్చినవాళ్ళ టైము

నేను ఇరవై తొమ్మిదేళ్ళు చేసిన ఉద్యోగం పేరు టైమ్ కీపర్. పేరు విని సూర్యచంద్రులు నా చేతి కింద పనిచేసేవాళ్ళని అనుకోకండి. దోహాలో ఒక కంపెనీ లేబర్ క్యాంపు గేటు దగ్గర తెల్లవారుజామున నాలుగున్నరకు నిలబడి, ఏ మనిషి ఏ బస్సెక్కాడు, ఏ సైటుకు వెళ్ళాడు, తిరిగి ఎన్నింటికి దిగాడు అని రాసుకోవడమే నా పని. ఐదింటికి బస్సు కదలాలంటే ఐదింటికి కదలాలి. ఐదూ ఒకటికి ఒంటి కాలి చెప్పుతో పరిగెత్తుకొచ్చినవాడు ఎంత బతిమాలినా సరే, "మాఫీ, ఖలాస్" అని, అంటే అరబ్బీలో లేదు, అయిపోయింది అని, గేటు వేయించేసేవాణ్ణి. క్యాంపులో నన్ను గడియారం సారు అనేవారు. వెనకాల ఇంకా చాలా అనేవారు, అవి ఇక్కడ రాయడానికి వీల్లేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్ళకు నా అనుభవం ఏం పనికొస్తుందో నాకు తెలియదు. ఇప్పుడు గేటు దగ్గర మనిషి లేడు, వేలిముద్ర మిషను ఉంది. ఏ దేశంలో ఎంతైందో మీ ఫోనే చెబుతుంది. అయినా ఒక్క సంగతి చెప్పాలని ఉంది. టైము గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనుకునే రోజుల్లో, టైము విషయంలోనే నేను చేసిన తప్పు అది. ఇంకో గంట నేను అలాగే ధీమాగా కూర్చుని ఉంటే, ఒక తండ్రి పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట చెప్పుకోలేకపోయేవాడు.

ఆ తండ్రి మా కంపెనీలో జనరేటర్ మెకానిక్. జగిత్యాల వైపు మనిషి. చేతిలో స్పానర్ ఉంటే ఎంత పెద్ద ఇంజనైనా ఆయన మాట వినేది. కానీ నాకూ ఆయనకూ మొదటి నుంచీ పడేది కాదు. కారణం ఆయన చేతి గడియారం. ఖతర్‌లో అడుగుపెట్టి ఎన్నేళ్ళైనా దాన్ని ఇండియా టైము నుంచి కదిలించలేదు. ఇక్కడ తెల్లవారి ఐదైతే ఆయన చేతికి ఏడున్నర. ఎవరైనా టైము అడిగితే రెండున్నర గంటలు తీసేసి చెప్పేవాడు.

"ఖతర్‌లో తింటూ, ఖతర్‌లో పడుకుంటూ, ఇండియా టైమేంటయ్యా నీకు?" అని ఒకసారి గేటు దగ్గర అందరి ముందూ కసిరాను.

ఆయన నవ్వి, "మా అమ్మ ఎప్పుడు తింటది, ఎప్పుడు పంటది నాకు ఎరుకుండాలె గద సారు. గీడి టైము చెప్పతందుకు మీరున్నరు గద" అన్నాడు.

జవాబు నాకు నచ్చలేదు. దాన్లో తప్పేమిటో కూడా దొరకలేదు. అందుకని ఇంకా కోపం వచ్చింది.

వేలిముద్ర మిషన్లు వచ్చాక నన్ను గేటు నుంచి తీసి వెస్ట్ బేలోని ఆఫీసులో, బయటి సైట్ల డెస్కులో కూర్చోబెట్టారు. రిటైరవడానికి అప్పటికి ఏడాదిన్నర ఉంది. ఏసీ గది, కిటికీలోంచి సముద్రం, గోడ మీద మూడు గడియారాలు. దోహా ఒకటి, ఇండియా ఒకటి, మా కంపెనీకి పని ఉన్న ఇంకో దేశానిది ఒకటి. రోజూ పొద్దున నేనే తుడిచి, సెకన్లతో సహా సరిచేసేవాణ్ణి. ఆ గోడకు నాలుగో గడియారం వస్తుందనీ, అదే నా పరువు తీస్తుందనీ అప్పుడు తెలియదు.

దక్షిణ ధ్రువం దగ్గర మంచు మధ్య ఒక పరిశోధన స్టేషనుంది. మేం అమ్మే రకం జనరేటర్లే అక్కడా ఉన్నాయి. అక్కడి ఎండాకాలం నాలుగు నెలలూ, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వాటిని విప్పి బాగుచేసే మనిషి కావాలని మా కంపెనీని అడిగారు. మా ముదీర్, అంటే మేనేజరు, పాలస్తీనా నుంచి వచ్చిన పెద్దమనిషి, ఎగిరి గంతేశాడు. మంచి మెకానిక్ ఎవరని అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. నేను కూడా చెప్పాను, ఇష్టం లేకపోయినా.

బయల్దేరే ముందు కాగితాల కోసం ఆయన నా డెస్కుకు వచ్చాడు. సంతకాలన్నీ అయ్యాక కూడా లేవలేదు.

"సారు, ఆడ రాహుకాలం ఎప్పుడుంటది?"

నేను చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే లెక్క మొదలుపెట్టాను. పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి రాహుకాలం. ధ్రువం దగ్గర ఒక్కసారి పొద్దుపొడిస్తే ఆరు నెలలకు గానీ గూకదు. ఆ లెక్కన ఒక రాహుకాలం ఇరవై రెండు రోజుల పైచిలుకు.

"ఇరవై రెండు దినాలా! గట్లయితే గన్ని దినాలు డ్యూటీ బంద్ వెట్టున్రి సారు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆయనతో కలిసి నేను నవ్వడం అదే మొదటిసారి.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పెళ్ళైన పదకొండేళ్ళకు భార్య నీళ్ళోసుకుంది. ఆయన మంచులో ఉండగానే కాన్పు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసి పేరు పెడతారు. ఆ పేరు తనే బిడ్డ చెవిలో చెప్పాలి.

"మీ ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు కదయ్యా" అన్నాను.

"నా పేరు గుడ గట్లనే చెప్పిన్రు సారు. మా నాయిన గప్పుడు గీ గల్ఫ్‌లనే ఉండె. పేరు ఉత్తరంల రాసి పంపిండట. గది వచ్చేసరికి మా చిన్నాయిన ఇంకో పేరు వెట్టేసిండు. ఇప్పటికి నాకు రెండు పేర్లు, కాయితంల ఒకటి, ఇంట్ల ఒకటి. నా బిడ్డకు గట్ల కావద్దు. పేరు మనసుల అనుకున్న. మా ఆమెకు గుడ చెప్పలే. మొదలు నా బిడ్డనే ఇనాలె."

నా జాలి బయటపడకుండా పాత గడియారం సారు వేషం వేశాను. "సరే, ఏర్పాటు నేను చూస్తాను. కానీ ముందు ఆ చేతి గడియారం సరిచెయ్యి. అక్కడికి వెళ్ళాక మళ్ళీ అక్కడి టైముకు మార్చు. కంపెనీ పరువు" అన్నాను. నా కళ్ళ ముందే ముల్లు తిప్పించాను. ఆయన బుద్ధిగా తిప్పాడు.

ఆయన వెళ్ళాక నాలుగో గడియారం కొనితెచ్చాను. స్టేషన్ రేఖాంశం కాగితాల్లో ఉంది. దాన్ని పదిహేనుతో భాగించాను. దోహా కన్నా మూడు గంటలు ముందని తేలింది. గోడకు తగిలించి కింద చీటీ అంటించి, మధ్యాహ్నం మూడింటికి, అంటే నా లెక్కన అక్కడ సాయంత్రం ఆరింటికి, హాయిగా ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక నిద్రగొంతుతో ఒకాయన ఎత్తాడు. ఆయనే స్టేషన్ చీఫ్. అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంటట.

క్షమాపణలు చెప్పి నా రేఖాంశం లెక్క వివరించాను. ఆయన నిద్ర పూర్తిగా పోయింది. నవ్వడం మొదలుపెట్టాడు.

"మా గుమ్మం బయట మంచులో ఒక కర్ర పాతి ఉంది. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తే ప్రపంచంలోని టైమ్ జోన్లన్నీ దాటేసినట్టే. రేఖాంశాలన్నీ ఇక్కడికే వచ్చి ముడిపడతాయి. వాటిలో మాది ఏదని చెప్పమంటారు? పోనీ సూర్యుణ్ణి చూసుకుందామంటే, ఆయన గూకకుండా మా నెత్తి చుట్టూ గిరగిరా తిరుగుతుంటాడు" అన్నాడు.

"మరి ఏ టైము పెట్టుకుంటారు?"

"మాకు తిండి మోసుకొచ్చే విమానం ఏ ఊరి నుంచి బయల్దేరుతుందో ఆ ఊరి టైము. పైలట్ దిగేసరికి సరుకు దించేవాళ్ళు మేలుకుని ఉండాలి కదా. మాకు పొరుగున ఇంకో స్టేషనుంది, వాళ్ళ విమానం ఇంకో దేశం నుంచి వస్తుంది. మేం పలకరించుకునేది వాళ్ళ రాత్రి భోజనానికీ మా పొద్దుటి కాఫీకీ."

ఇంత చదువూ చదివి, ముప్పై ఏళ్ళకు దగ్గరగా టైముతో కాపురం చేసి, ఈ ముక్క నాకు తట్టలేదు. ఎవరు బియ్యం తెస్తే వాళ్ళ టైము. చీటీ చించి అదే మాట తెలుగులో రాసి గడియారం కింద అంటించాను. వాళ్ళ విమానం వచ్చే తూర్పు వైపు ఊరు దోహా కన్నా పది గంటలు ముందుంది. ముల్లు అలా తిప్పాను. ఫోన్ పెట్టేముందు చీఫ్ ఒక మాట హెచ్చరించాడు. మాట్లాడాలంటే వారానికొకసారి, ఆదివారం, శాటిలైట్ ఫోనుండే లింకు గదికి. మిగతా రోజుల్లో దానికి తాళం. తన మంచం పక్క ఫోను మోగిందంటే నిప్పో నెత్తురో అయ్యుండాలి, మూడోది కుదరదు.

మా ముదీర్ అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. "హబీబీ, ఇది మనకు మొదటి ధ్రువం కాంట్రాక్టు. ఆ మనిషిని ఇంకోసారి లేపావంటే ఇదే ఆఖరిది."

కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. మెకానిక్ తల్లి నాకు ఫోన్ చేసింది. "సారూ, గురువారం పదిన్నరకు మూర్తమన్నడు పంతులు. పదకొండు దాటొద్దట. మా పిలగానికి చెప్పున్రి. దుబాయ్‌లనే జర సల్లగుండే జాగల ఉన్న అన్నడు, మంచిగున్నడా?"

ఆమెకు గల్ఫంతా దుబాయే. జర సల్లగుండే జాగ! "బాగున్నాడమ్మా, స్వెట్టర్ వేసుకుంటున్నాడు" అన్నాను.

ఊళ్ళో పదిన్నరంటే దోహాలో ఎనిమిది, స్టేషన్లో సాయంత్రం ఆరు. స్టేషన్‌కు కాగితం పంపాను. గురువారం, సాయంత్రం ఆరు గంటలు, స్టేషన్ టైము ప్రకారం. స్టేషన్ టైము అన్న మాట కింద రెండు గీతలు గీశాను. చీఫ్ సరేనన్నాడు. ఆదివారం పిలుపులో మెకానిక్‌కు కూడా చెప్పాను, ఊళ్ళో పదిన్నర, నీకు సాయంత్రం ఆరు అని. "మంచిది సారు" అన్నాడు.

ఆ గురువారం ఉదయం మదీనత్ ఖలీఫాలో మా ఇంటి నుంచి ఆరింటికే బయల్దేరాను. జనవరి కదా, దోహాలో కూడా చల్లగా ఉంది. కొత్త చొక్కా వేసుకున్నాను. ఎవరి బిడ్డకో పేరు పెడుతుంటే నాకెందుకంత హడావిడి అని మా ఆవిడ నవ్వింది. ఏడింటికి, ఒక గంట ముందే, లింకు గదికి ఫోన్ చేసి చూశాను. ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఐదింటికి ఎత్తకపోవడమేమిటి? ఏడూ ఐదుకు మళ్ళీ చేశాను. ఏడూ పదికి మళ్ళీ. ఊళ్ళో మనుషులు అప్పుడే నాకు ఫోన్లు చేస్తున్నారు. "సారూ, పిల్లకు తానం వోసినం, తొట్టెల కట్టినం" అంటున్నారు.

స్టేషన్ నుంచి వచ్చిన మెయిళ్ళు ఒక్కొక్కటీ తెరిచాను. సోమవారం వచ్చిన కాగితం ఒకటి చదవకుండా ఉంది. దాని పైన "మెస్ వేళల్లో మార్పు" అని ఉంది. వాళ్ళు ఎన్నింటికి తింటే నాకేమిటని పక్కన పెట్టేశాను. ఇప్పుడు చదివాను. తూర్పు వైపు రన్‌వే మీద మంచు మెత్తబడిందట. మంగళవారం నుంచి సరుకు విమానం పడమటి వైపు ఊరి నుంచి వస్తుందట. కాబట్టి గడియారాలన్నీ పదహారు గంటలు వెనక్కి తిప్పి, పొద్దుటి టిఫిను కొత్త టైము ప్రకారం ఏడింటికి పెడతారట. కింద వంటవాడి సంతకం.

నాకు నేనే గోడకు అంటించుకున్న చీటీ నెత్తి మీద వేలాడుతోంది. బియ్యం తెచ్చినవాళ్ళ టైము. బియ్యం తెచ్చేవాళ్ళు మారారు, టైము మారింది, ఆ మాట వంటవాడే చెప్పాడు. నోటీసు బోర్డు చదవలేదని ఇన్నేళ్ళుగా ఎంతమందిని తిట్టానో లెక్కలేదు.

అక్కడ ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాటింది. నేను గీతలు గీసి మరీ అడిగిన సాయంత్రం ఆరు రావాలంటే ఇక్కడ అర్ధరాత్రి కావాలి, ఆ ఊళ్ళో తెల్లవారుజామున రెండున్నర. అప్పటికి మేనత్తో చిన్నాన్నో ఏదో ఒక పేరు పెట్టేసి ఉంటారు. ఆ పిల్లకు కూడా రెండు పేర్లు.

మంచం పక్క ఫోను నంబరు నా ముందే ఉంది. నిప్పు, నెత్తురు. ముదీర్ మాట కూడా గుర్తుంది. ఆర్నెల్లలో రిటైరయ్యేవాణ్ణి, మచ్చలేని మనిషినని పేరు. అయినా ఆ నంబరే నొక్కాను.

రెండో రింగుకే ఎత్తాడు. "నిప్పా?"

"కాదండీ."

"నెత్తురా?"

"ఒక రకంగా అదే. రక్తసంబంధం" అన్నాను. అంత భయంలో ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అంతా చెప్పాను. ఆయన అన్నాడు, "మీరు సాయంత్రం ఆరని రాశారు. రెండు గీతలు కూడా గీశారు."

"తప్పు నాదే. మీ మెస్ కాగితం చదవలేదు. ఆ మనిషి తప్పేమీ లేదు."

"ఎంత టైముంది?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు."

ఆయన టక్కున ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే ముదీర్ వచ్చాడు. చేతిలో ఫోనుతో నిలబడ్డ నన్ను చూసి ఆగాడు. దాచడం నాకు చేతకాదు, చెప్పేశాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మళ్ళీ లేపావా? చీఫ్‌ని?" అన్నాడు. తల ఊపాను. గడ్డం నిమురుకుంటూ కిటికీలోంచి సముద్రం చూశాడు. నాకు ఆ నిమిషం చాలా పొడుగ్గా గడిచింది.

"మగపిల్లాడా, ఆడపిల్లా?" అని అడిగాడు చివరికి.

"ఆడపిల్ల."

"మబ్రూక్" అని అభినందించాడు. "నాకు నలుగురు కూతుళ్ళు. నలుగురి చెవిలోనూ నేనే అజాన్ చెప్పాను. యల్లా, నిలబడి ఏం చేస్తావు, ఊరికి ఫోన్ కలుపు."

ఎనిమిదికి పది నిమిషాల ముందు లింకు దీపం వెలిగింది. తెర మీద చీఫ్ కనిపించాడు. పైజమా మీద కోటు, చెదిరిన జుట్టు. కిటికీలోంచి పట్టపగలులా వెలుతురు పడుతోంది, అర్ధరాత్రి ఒంటిగంటా యాభైకి.

"మీ మనిషిని లేపుదామని వెళ్ళాను. మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. స్టేషనంతా వెతికాను. ఎక్కడున్నాడో మీరే చూడండి" అంటూ కెమెరా పక్కకు తిప్పాడు.

మా మెకానిక్. తలంటుకుని, నున్నగా దువ్వుకుని, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. ముందు ఒక స్టీలు పళ్ళెం, దాని మీద తువ్వాలు. రెండు గంటలుగా మెస్సులో అలాగే కూర్చుని ఉన్నాడట, చీఫ్ లింకు కెమెరాను అక్కడికే తెచ్చాడు. రొట్టెల పిండి కలిపే వంటవాడు ఎంత వెళ్ళి పడుకోమన్నా లేవలేదట.

"ఏవయ్యా! నీకెలా తెలిసింది?" అని అరిచినంత పని చేశాను.

"గదేంది సారు, పదిన్నరకు అంటిరి గద." చెయ్యి పైకెత్తి గడియారం చూపించాడు. పదీ ఇరవై. "మీ ముందల తిప్పిన గని, ఎయిర్‌పోర్టు రాకముందే మల్ల మా ఊరి టైముకే వెట్టుకున్న. తప్పైంది సారు."

"నీకు సాయంత్రం ఆరని చెప్పాను కదా?"

"గది గీడి గోడ గడియారం ముచ్చట. మంగళారం నాడు గీళ్ళే దాన్ని ఎనకకు తిప్పిన్రు. మనుషులు తిప్పే గడియారాన్ని ఎట్ల నమ్ముత?"

"మరి లింకు గది తాళం వేసి ఉంది కదా! ఎలా మాట్లాడదామనుకున్నావు?"

ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. "మీరు ఫోన్ చేస్తరు గద సారు. గడియారం సారుకు టైము ఎరుకలేదా?"

ఉద్యోగంలో నాకు చాలా చీవాట్లు పడ్డాయి. ఈ నమ్మకం పొడిచినట్టు ఏ చీవాటూ నన్ను పొడవలేదు. నా తప్పు ఆయనకు అప్పుడు చెప్పలేదు. ముహూర్తం దాటిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఊరి ఫోన్ కలిసింది. పళ్ళెం మీది తువ్వాలు తీశాడు. బియ్యం. విమానం మోసుకొచ్చిన ఆ స్టేషన్ బియ్యమే, పసుపు లేక వంటవాడి దగ్గర కూరపొడి కలుపుకున్నాడు. అందులో వేలితో పేరు రాసి ఉంది. అక్కడ ఎవరో ఫోనును పిల్ల కుడిచెవి దగ్గర పెట్టారు. ఆయన తెర దగ్గరకు వంగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మూడుసార్లు చెప్పాడు. చెవిలో చెప్పే మాట నేను వినకూడదనిపించి హెడ్‌ఫోన్ తీసేశాను. ముదీర్ తల వంచుకుని కూర్చున్నాడు. అయినా ఆ పేరు నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఒక్క క్షణం తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళందరూ తీసేసిన హెడ్‌ఫోన్‌లోంచి కూడా వినపడేంత గట్టిగా ఆ పేరుతో పిల్లను పిలిచారు. ఇక్కడ రాయను. ఆ పేరుకు ఎదురుచూసిన మనిషికి తప్ప దాంతో ఇంకెవరికీ పనిలేదు. పిల్ల మాత్రం ఆవలించిందట. మెకానిక్ తెల్లచొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడమెందుకు.

ఈ సందడికి స్టేషన్లో ఒక్కొక్కరూ లేచి దుప్పట్లు కప్పుకుని ఆయన వెనక చేరారు. చప్పట్లు కొట్టారు. అదంతా మెకానిక్ తల్లి ఫోన్‌లో చూస్తోంది.

"సారూ, గా ఎనక నిలవడ్డోళ్ళు ఎవలు?"

"మీవాడితో పనిచేసేవాళ్ళమ్మా."

"తిన్నరా? అడుగున్రి. మన్మరాలికి పేరు వెట్టుకున్ననాడు మన ముంగటికొచ్చినోళ్ళను తినకుంట పంపుతమా? పోలెలు చేసినం, ఏం లాభం, గంత దూరముంటిరి. వాళ్ళను గాడనే ఏదన్న తినుమనున్రి."

పోలెలంటే మావైపు బొబ్బట్లు. ఆమె ఏమంటోందని చీఫ్ అడిగాడు. "మీరంతా తిన్నారా అని అడుగుతోంది. తినకుండా వెళ్ళకూడదట" అన్నాను. ఆయన వంటవాడి వైపు చూశాడు. వంటవాడు పొయ్యి వైపు చూసి, పది నిమిషాల్లో రొట్టెలు దిగుతాయన్నాడు. "అయితే ఆమెకు చెప్పండి, ఇప్పుడే తింటున్నాం అని" అన్నాడు చీఫ్.

ఆ మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఒక కాగితం వచ్చింది. పైన "మెస్ వేళల్లో మార్పు" అని ఉంది. ఈసారి నిలబడి, అక్షరం వదలకుండా చదివాను. ఈ ఒక్కరోజు టిఫిను తెల్లవారుజామున రెండూ ఇరవైకి పెట్టడమైనది. భోజనానికి పిలిచినవారి టైము పాటించడం ఈ స్టేషన్ ఆనవాయితీ. పిలుపు ఇండియాలోని ఒక ఊరి నుంచి వచ్చింది. రేపటి నుంచి మామూలే. కింద వంటవాడి సంతకం, దాని పక్కన చీఫ్‌ది. కాంట్రాక్టు మరుసటి ఏడాది కూడా మాకే వచ్చింది. ముదీర్ ఆ కాగితాన్ని తన గదిలో తగిలించుకుంటానన్నాడు గానీ నేను ఇవ్వలేదు.

మెకానిక్ తిరిగొచ్చాక తప్పు ఒప్పుకున్నాను. కాగితం చదవలేదనీ, ఆ రోజు టైము నాకు ఎరుకలేదనీ చెప్పాను. దానికాయన, "అయినా ఫోన్ చేసిన్రు గద సారు" అన్నాడు. ఆ తర్వాత ఆయన చేతి గడియారం గురించి నేను మాట్లాడలేదు.

రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు నాకు ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. టైమ్ కీపర్‌కు ఇంకేమిస్తారు? మా ఆవిడ అప్పటికే కాకినాడ వెళ్ళి ఇల్లు సర్దుతోంది. క్యాంపు నుంచి మెకానిక్ కూడా వచ్చాడు. అట్టపెట్టెలో గడియారాన్ని సర్దుతూ సర్దుతూ ఆగి, వెనక్కి తిప్పి, ముల్లును రెండున్నర గంటలు ముందుకు జరిపాడు. ఒకప్పుడు నేను ముల్లు తిప్పించిన ఆ చేతులే ఇప్పుడు నా గడియారం ముల్లు తిప్పుతుంటే, బుద్ధిగా చూస్తూ నిలబడ్డాను.

"ఇంగ మీకు గిదే టైము సారు. ఆడ అమ్మగారు అన్నం వెట్టేది గీ టైముకే గద" అన్నాడు.